పరుపుకు నూటయాభై

ఏడు రోడ్ల కాడ దిగినాం, పద్నాలుగు మందిమి.
మమ్మల్ని దించినాక కోయిలకుంట్ల బస్సు
నడుం నొప్పి తగ్గినదాని మాదిరి ఒకసారి పైకి లేచింది.

ఉరుసు రాత్రి. కడప నిండా జనం.
మొదటి లాడ్జిలో నోరు తెరవకముందే
ఖాళీ లేదన్న అట్టముక్క చూపించినారు.
రెండో దాంట్లో ఉంది. రూము మూడు వేలు.
రూముకు ముగ్గురే.
చిన్నాయన వేళ్లు మడిచినాడు: ఐదు రూములు.
ఆ వేళ్లు అట్లనే జేబులో పెట్టుకున్నాడు.

మూడో లాడ్జి మెట్ల మీద జేజి కూలబడింది.
"నన్ను ఈడనే వదిలిపెట్టి పోండి.
నేనూ ఒక సంచినే అనుకోండి.
సంచికి ఎవరన్నా బాడుగ అడుగుతారా?"

ఇంటరు చదివింది నేనొక్కదాన్నే అని
కౌంటరు ముందుకు నన్ను తోసినారు.
ఎంతమంది? అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా.
ఏడుగురం అన్నాను.
అబద్ధాలు నాకు కొత్త కాదు గానీ
సగం ఇంటిని ఒక్క మాటతో చెరిపేయడం అదే మొదలు.
చెరిపేసిన ఏడుగురూ వీధికి అవతల
చెరుకురసం బండి చాటున
మాకేమీ కానివాళ్ల మాదిరి నిలబడినారు.
మౌలాలిగానికి దగ్గొచ్చింది.
మాబ్బీ పిన్ని వాని నోరు కొంగుతో మూసింది.

రెండు రూములు, ఒకోటి పదహైదు నూర్లు.
ఏడో మనిషికి కింద పరుపు.
పరుపుకు నూటయాభై.

అప్పుడు నవ్వినాడు మా అబ్బ హుసేనప్ప.
నలభై ఏండ్లు దూది ఏకిన మనిషి.
మా దిక్కు మూడూర్లలో కొత్త పెండ్లి జంటలు
ఆయన కుట్టిన పరుపుల మీదనే మొదటిసారి సిగ్గుపడినారు.
స్పంజి వచ్చింది, విల్లు దూలం ఎక్కింది.
ఇప్పుడు దానికి ఉల్లిగడ్డలు వేలాడదీస్తాం.
"బాడుగ పరుపు మీద పండుకునే రాత గూడా చూసినాం," అన్నాడు.
కోపంగా కాదు, వానొచ్చిందే అన్నట్టు.

పదకొండు దాటినాక ఒకరొకరే పైకొచ్చినారు.
నీళ్ల సీసాతో ఒకరు, అరటిపండ్లతో ఒకరు,
చెప్పులు చేతిలో పట్టుకుని పిల్లోళ్లు.
జేజి మాత్రం చెప్పులు విప్పలేదు.
కౌంటరు ఎదురుగానే నిలబడి ఆయాసం తీర్చుకుని
మెట్టుకొకసారి "యా అల్లా" అనుకుంటా ఎక్కింది.
గుమాస్తా తల ఎత్తలేదు.
సాయంత్రం అది పొగరనుకున్నాను.

నిద్ర పట్టింది పిల్లలకే.
అబ్బ పరుపు మీద అరచెయ్యి పెట్టి
వైద్యుని మాదిరి నిమిరినాడు.
"పత్తి కాదు. మిల్లు చెత్త. అంతా ఒక మూలకు పోయి గడ్డ కట్టింది."
జేజి సంచిలో దబ్బనం ఉంటుందని
ఆయనకు అడగకుండానే తెలుసు.
సెల్‌ఫోను లైటు నేను పట్టుకున్నా.
కుట్లు విప్పి, గడ్డలు వేళ్లతో చిదిపి, పరిచి,
మళ్లీ కుట్టుకుంటా పోయినాడు.
గది నిండా పోగులు ఎగిరినాయి,
చిన్నాయన నిద్రలోనే తుమ్మినాడు.
నాకు రెండు మూలల దాకా గుర్తుంది.

పొద్దున గుమాస్తా తలుపు కొట్టి
గడప ముందర చెప్పుల జతలు చూసినాడు,
లోపల పరుపు చూసినాడు.
చానాసేపు పరుపే చూసినాడు.
బిల్లులో నూటయాభై అట్లనే ఉంది.
"ఓనరు బెంగుళూరులో ఉంటాడు పెద్దాయనా,
రాసినాక నేను కొట్టేసేదానికి లేదు."
ఇచ్చేయ్ పాప, అన్నాడు అబ్బ.
చెప్పుల లెక్క మాత్రం ఎవరూ అడగలేదు.

దర్గాలో ఆయన ఏం కోరుకున్నాడో నాకు చెప్పలేదు.
తిరుగు బస్సులో మైదుకూరు దాటినాక
కిటికీలోకి చూస్తా అన్నాడు:
"మూడు మూలలు సరిచేసినా.
నాలుగోది తెల్లారిపాయ.
ఈ రాత్రి దాని మీద ఎవురు పండుకుంటారో ఏమో,
తల ఆ పక్క పెట్టుకోకుంటే బాగుండు."